సింధనూరు క్యాంపు నుంచి ఆకివీడు వైపు: సంక్రాంతికి కారులో వెళ్తున్నాం, తాతగారి మనుషుల్ని ఎలా వెతకాలి?

క్యాంపు పిల్ల

నమస్తే అందరికీ. మాది కర్ణాటకలో రాయచూరు జిల్లా, సింధనూరు తాలూకాలో ఒక క్యాంపు. ఇటువైపు సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. తుంగభద్ర డ్యామ్ 1953లో పూర్తయ్యి ఎడమ కాలువకి నీళ్ళు రావడం మొదలయ్యాక గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు ఇక్కడికొచ్చి పొలాలు కొన్నారు. ముళ్ళకంపలు కొట్టించి, మళ్ళు చేసుకుని, పొలాల దగ్గరే ఇళ్ళేసుకున్నారు. ఆ ఊళ్ళకి క్యాంపులనే పేరు ఉండిపోయింది. గంగావతి, కారటగి, సింధనూరు, మాన్వి చుట్టుపక్కల ఎటు వెళ్ళినా మావాళ్ళు కనిపిస్తారు. స్కూల్లో కన్నడ, ఇంట్లో తెలుగు, తగాదా వస్తే రెండూ.

మా తాతయ్య ఆకివీడు దగ్గర ఒక ఊరి నుంచి వచ్చారు. అక్కడ ఎకరం అమ్మితే ఇక్కడ పదెకరాలొచ్చేదని క్యాంపుల్లో ప్రతి ఇంట్లోనూ చెప్తారు. మా ఇంట్లో అది పదిహేను. నాన్న పుట్టింది ఇక్కడే. ఊహ తెలిశాక ఒక్కసారి మాత్రం ఆ ఊరు వెళ్ళాడట, ఎవరిదో పెళ్ళికి. ఆయనకి గుర్తున్నవి ఇవే: లాకుల దగ్గర దిగి కాలువగట్టు మీద నడవడం, రేవు పక్కన రావిచెట్టు, మండువా ఇంట్లో వానపడితే మధ్యలో నీళ్ళు నిలబడటం. ఎవరింటికి వెళ్ళారో, పెళ్ళి ఎవరిదో గుర్తులేదు. ఆ రోజు పెట్టిన బూరెలు మాత్రం బాగా గుర్తున్నాయి.

అక్కడ తాతయ్య తమ్ముడు ఉండేవారు. తమ్ముడికి చెప్పకుండా తాతయ్య తన వాటా పొలం అమ్మేసి వచ్చారని, అందుకే చిన్నతాత మాటలు మానేశారని మా ఇంట్లో చెప్పుకుంటారు. తాతయ్య పోయినప్పుడు కార్డు రాస్తే జవాబు రాలేదు. అక్కడితో రాకపోకలు తెగిపోయాయి. ఇప్పుడు మా దగ్గర ఊరి పేరు, ఇంటి పేరు, అన్నదమ్ములిద్దరూ స్టూడియోలో తీయించుకున్న ఒక ఫోటో ఉన్నాయి. ఫోన్ నంబరు ఒక్కటీ లేదు.

నాన్నకి డెబ్బై దగ్గరపడ్డాయి. షుగరు, మోకాళ్ళ నొప్పులు. ఈ మధ్య టీవీలో గోదావరి జిల్లాల సంక్రాంతి చూపిస్తుంటే కళ్ళార్పకుండా చూస్తున్నాడు. అడిగితే మాత్రం "ఇప్పుడెవరున్నార్లే" అంటాడు. అందుకే ఈ పండక్కి తీసుకెళ్దామని నేనూ మా ఆయనా అనుకున్నాం. పిల్లలిద్దరు, పాత ఎర్టిగా, డ్రైవింగ్ చెరి సగం.

ఏ దారిలో రావాలి, ఎక్కడ పడుకోవాలి? ఊళ్ళోకి వెళ్ళాక ముందు ఎవర్ని అడగాలి? తాతయ్య అమ్మిన పొలం ఎక్కడో నాన్నకి చూపించే వీలుందా? ఇలాంటి ప్రయాణం చేసినవాళ్ళుంటే చెప్పండి.

నిజాంసాగర్ కాలువ

చెల్లెమ్మా, మాది వర్ని వైపు. నిజాంసాగర్ 1931లో పూర్తయ్యాక మా ముత్తాతలు కృష్ణా జిల్లా నుంచి బోధన్, వర్ని, కోటగిరి వైపు వచ్చారు. మా ఊళ్ళనీ క్యాంపులనే అంటారు. అంటే మీకన్నా ఇరవై ఏళ్ళు సీనియర్లం.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నా. ఊళ్ళో దిగగానే పొలం మాట ఎత్తకండి. ఎప్పుడో వెళ్ళిపోయిన అన్నగారి మనవరాలు కారేసుకుని వచ్చి "మా తాత పొలం ఎక్కడ" అంటే అవతలివాళ్ళకి గుండెల్లో రాయి పడుతుంది. అక్కడ ఇప్పుడు ఎకరం ధర ఎంతో మీకూ తెలుసు. మా పక్క క్యాంపులో ఒక కుటుంబం ఇలాగే వెళ్ళి ముందు సచివాలయంలో వాకబు చేశారు. సాయంత్రానికల్లా "వాటా అడగడానికి వచ్చారట" అని ఊరంతా పాకింది. సొంత దాయాదులు తలుపు తీయలేదు. వాళ్ళు అడగాలనుకున్నది ఇలవేల్పు ఎవరని.

ఫోటో పట్టుకెళ్ళండి. ఊళ్ళో బాగా వయసున్న ఆడవాళ్ళు ఎవరున్నారో కనుక్కుని వాళ్ళ దగ్గర కూర్చోండి. "మీకు బంధువులెవరు" అని అడిగితే సగం ఊరు చెప్తారు. "ఫలానా ఇంటిపేరు వాళ్ళకి ఎవరి మైల పడుతుంది" అని అడగండి. పురుడు వస్తే ఎవరింట్లో మైల, పోతే ఎవరింట్లో దీపం పెట్టరు అన్న లెక్క వాళ్ళకి నోటికొచ్చు. దాయాదులంతా ఆ ఒక్క ప్రశ్నకే బయటికొస్తారు. మగాళ్ళని అడిగితే పార్టీ పేరు చెప్తారు, అంతే.

పాత శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు కనిపిస్తే వదలకండి. శుభలేఖ కింద వరసగా వేసే పేర్లలో సగం మందిని ఇప్పటికీ పట్టుకోవచ్చు.

నల్లమల డ్రైవర్

నంద్యాల నుంచి. దారి గురించి నేను చెప్తా.

సింధనూరు, సిరుగుప్ప, ఆదోని, ఎమ్మిగనూరు, కర్నూలు. అక్కడి నుంచి నంద్యాల, గిద్దలూరు, కంభం, వినుకొండ, నరసరావుపేట, గుంటూరు. విజయవాడ దాటి గుడివాడ, కైకలూరు మీదుగా ఆకివీడు. మొత్తం ఆరొందల కిలోమీటర్ల పైనే. ఒక్క రోజులో లాగుదామనుకోకండి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దాయనతో అసలు వద్దు. మొదటి రాత్రి నంద్యాలలోనో మహానందిలోనో ఆగండి. పొద్దున్నే మహానంది కోనేట్లో పిల్లల్ని ఒక మునక వేయించండి, అంత తేటగా ఉంటుంది నీళ్ళు, అడుగున వేసిన రూపాయి కూడా కనిపిస్తుంది. రెండో రాత్రి విజయవాడ. మూడో రోజు పొద్దున తీరిగ్గా ఊరు చేరొచ్చు.

కర్నూలు నుంచి ఆత్మకూరు, దోర్నాల మీదుగా కూడా దారుంది కానీ అది పులుల అభయారణ్యం, రాత్రిపూట బళ్ళు ఆపేస్తారు. ఏ దారిలో వచ్చినా నల్లమలని పగలే దాటండి. గిద్దలూరు దారిలో మలుపులకి కడుపులో తిప్పే పిల్లలుంటే ఎక్కే ముందు టిఫిన్ తగ్గించండి. నంద్యాలలో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని ఘాటెక్కితే మాత్రం ఫలితం మీరే చూస్తారు.

ఇంకో సంగతి మీ నాన్నగారికి చెప్పండి. తాతగారు రైల్లో వచ్చి ఉంటే దాదాపు ఇదే దారిన వచ్చి ఉంటారు. గుంటూరు నుంచి గుంతకల్లు, బళ్ళారి మీదుగా హుబ్బళ్ళి వైపు అప్పట్లో మీటర్ గేజి లైను ఉండేది. అది నల్లమలలో దిగువమెట్ట, గాజులపల్లె మధ్య కొండని దాటుతుంది. బొగద సొరంగం, దొరబావి దగ్గర లోయ మీద కట్టిన పాత వంతెన ఆ లైనువే. బ్రాడ్ గేజి వేశాక పాత లైను అడవిలో మిగిలిపోయింది. ఇప్పుడు నర్సాపురం, హుబ్బళ్ళి మధ్య తిరిగే అమరావతి ఎక్స్‌ప్రెస్ ఈ అడవిలోంచే పోతుంది. పెద్దాయనకి కారు మరీ కష్టమైతే తిరుగు ప్రయాణం అందులో చేయించండి, భీమవరంలో ఎక్కి హోసపేటలో దిగొచ్చు. పండగ తర్వాతి టికెట్లు ఇవాళే చూసుకోండి.

రిటైర్డ్ వీఆర్వో

అమ్మాయీ, నేను పశ్చిమ గోదావరిలోనే పనిచేసి రిటైరయ్యాను. మా నాన్నగారు కరణం. 1984లో కరణాలనీ మునసబులనీ తీసేసినప్పుడు ఆయన దస్త్రాలు మూటగట్టి ఎలా అప్పగించారో నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంది. పైన ఆయన చెప్పింది నిజమే, ముందుగా పొలం మాట ఎత్తితే అనుమానపడతారు. కానీ కాగితం చూడకుండా వెళ్ళడం కూడా మంచిది కాదు. ఊరు వెళ్ళకముందే, అక్కడ ఎవరికీ చెప్పకుండా చూసుకోవచ్చు.

ముందు మీ ఇంట్లో వెతకండి. తాతగారు సింధనూరులో కొన్న పొలం దస్తావేజు ఉండాలి. 1956 నవంబరు దాకా రాయచూరు హైదరాబాదు రాష్ట్రంలోదే కనుక అది ఉర్దూలో ఉన్నా ఆశ్చర్యం లేదు. చదవగలిగిన ముసలాయన్ని ఎవరినైనా పట్టుకోండి. అందులో కొన్న మనిషి తండ్రి పేరు, స్వగ్రామం రాస్తారు. తేదీ దొరికితే సగం పని అయినట్టే. ఇక్కడ పొలం అమ్మి ఆ డబ్బుతోనే అక్కడ కొని ఉంటారు కాబట్టి ఇక్కడి అమ్మకం దానికి కొంచెం ముందు జరిగి ఉంటుంది.

తర్వాత ఇక్కడి సబ్ రిజిస్ట్రారు ఆఫీసు. ఆన్‌లైన్‌లో ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, 1983 నుంచే వస్తుంది, మీకు పనికిరాదు. పాత పుస్తకాలు చేత్తో వెతకాలి. సర్వే నంబరు తెలియకపోయినా భయం లేదు. ఇండెక్సులు రెండుంటాయి: ఒకటి మనుషుల పేర్ల మీద, రెండోది ఆస్తి మీద. మీరు పేర్ల ఇండెక్సు అడగండి. తాతగారి పేరు, ఊరు, రెండు మూడేళ్ళ వ్యవధి చెప్పి వెతుకుడు ఫీజు కడితే దొరుకుతుంది. స్థిరాస్తి దస్తావేజుల పుస్తకం ఎవరైనా చూడొచ్చు, నకలు ఎవరైనా తీసుకోవచ్చు. వారసులమని రుజువు చూపక్కర్లేదు. అప్పట్లో ఆ ఊరు ఏ ఆఫీసు కింద ఉండేదో మాత్రం ముందు కనుక్కోండి. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ ఆఫీసులుండవు. పండక్కి వచ్చి పని చేయించుకుందామంటే కుదరదు.

నకలు చేతికొచ్చాక అందరూ సర్వే నంబరు కోసం వెతుకుతారు. ఇప్పుడు రీసర్వే అయిన ఊళ్ళలో పాత నంబర్లు పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. పాతదానికి కొత్తది ఏదో గ్రామ సర్వేయరు చెప్పాలి. మీకు కావలసింది నంబరు కాదు, హద్దులు. తూర్పు ఫలానా వారి చేను, దక్షిణం ఫలానా వారి చేను అని రాసి ఉంటుంది చూడండి, ఆ పేర్లు పట్టుకోండి. మీ తాతగారు ఊరొదిలి వెళ్ళారు గానీ గట్టు అవతలివాళ్ళు అక్కడే ఉంటారు. నీళ్ళ వంతుల దగ్గర, గట్టు నరికిన తగాదాల్లో మీ ఇంటిపేరు వాళ్ళింట్లో రెండు తరాలు నలిగి ఉంటుంది. దాయాదులు మరిచిపోయినా గట్టు పొరుగువాడు మరిచిపోడు. పైగా మీరొస్తే అతని ఆస్తికేమీ ముప్పు లేదు, కబుర్లు చెప్తాడు.

ఇంకొకటి. తాతగారి పుట్టిన రికార్డు కోసం వెతికేటట్లయితే 1925కి ముందు పశ్చిమ గోదావరి జిల్లా లేదు, ఆ ప్రాంతం కృష్ణా జిల్లాలో ఉండేది. పాత కాగితం మీద కృష్ణా జిల్లా అని కనిపిస్తే వేరే ఊరనుకుని పక్కన పెట్టేయకండి.

భీమవరం బుల్లోడు

అక్కా, పండగ మూడు రోజులూ భీమవరంలో రూము దొరకడం కష్టమండి. హైదరాబాదు వాళ్ళు నెలల ముందే బుక్ చేసేసుకుంటారు. కోడిపందేల పుణ్యం. గుడివాడలో గానీ ఏలూరులో గానీ చూసుకోండి.

పొలం చూపించాలన్నారు కదా, ముందే నాన్నగారికి చెప్పి ఉంచండి. ఆకివీడు, ఉండి వైపు వరి చేలు చాలావరకు చేపల చెరువులు, రొయ్యల చెరువులు అయిపోయాయండి. చేను గట్టు కోసం వస్తే చెరువుగట్టు కనిపిస్తుంది, నీళ్ళలో ఏరేటర్లు తిరుగుతుంటాయి. మా తాతగారి చేను కూడా అంతే, నేను పుట్టేసరికే చెరువు.

లాకులంటే మా వైపు ఒకటి కాదు, కాలువ పొడుగునా ఉంటాయి. ఊరి పేరు మెసేజ్ పెట్టండి, దగ్గరివి ఏవో చెప్తాను. పిల్లలకి దారిలో కైకలూరు పక్కన ఆటపాక చూపించండి, కొల్లేటి గూడబాతులు ఆ రోజుల్లో బాగా ఉంటాయి.

నకలు సంగతి నేను చూస్తానండి. ఎవరైనా తీసుకోవచ్చని పెద్దాయన చెప్పారు కదా. మా బావమరిది దస్తావేజు లేఖరి, రోజూ ఆ ఆఫీసు చుట్టూనే తిరుగుతాడు. తేదీ చెప్పండి చాలు.

క్యాంపు పిల్ల

ఆలస్యంగా రాస్తున్నా, ఏమీ అనుకోకండి. కోతలు, మిల్లు పనులు.

వీఆర్వో గారు చెప్పినట్టే అయింది. అటక మీద ట్రంకు పెట్టెలో, బ్యాంకు పాత పాసుపుస్తకాల అడుగున ఉర్దూ దస్తావేజు దొరికింది. సింధనూరులో పాత పుస్తకాలు బైండింగ్ చేసే ఒక చాచా చదివిపెట్టారు. 1955. దాన్ని బట్టి బుల్లోడు తమ్ముడు, వాళ్ళ బావమరిది ఇండెక్సు వెతికించి నకలు తీయించారు. ఖర్చులు పంపుతానంటే "వచ్చినప్పుడు మీ సోనా మసూరి బియ్యం ఒక బస్తా తెండి" అన్నాడు. డిక్కీలో ముందు అదే ఎక్కుతుంది.

నకలు ఫోటో వాట్సాప్‌లో వచ్చిన రోజు రాత్రి భోజనాలయ్యాక నాన్న కళ్ళజోడు పెట్టుకుని, నేను ఫోన్‌లో జూమ్ చేస్తుంటే, వేలుపెట్టి ఒక్కో లైనూ చదివాడు. ఎకరం డెబ్బై సెంట్లు. తూర్పు పంటబోదె, అంటే చేలకి నీళ్ళొచ్చే చిన్న కాలువ. దక్షిణం ఒక ఇంటిపేరు వాళ్ళ చేను. పడమర మా చిన్నతాత వాటా. ఉత్తరం పుంత, అంటే బండ్ల బాట. ముత్తవ్వ నిశానీ, అంటే వేలిముద్ర, పక్కన తాతయ్య సంతకం. కింద సాక్షులు ఇద్దరు.

మొదటి సాక్షి చిన్నతాత. స్వహస్తంతో సంతకం, చక్కటి గుండ్రటి అక్షరాలు.

నాన్న ఫోన్ నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ చూశాడు. "చెప్పకుండా అమ్మాడన్నారే" అన్నాడు. అమ్మ వంటింట్లోంచి "ఆ మాట మీ అమ్మే చెప్పేది" అంది. తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. మాటలు ఎందుకు మానేసుకున్నారో ఇప్పుడు మాకు ఉన్న కారణం కూడా పోయింది! కాకపోతే "ఇప్పుడెవరున్నార్లే" అనడం నాన్న ఆపేశాడు. నిన్న మంగలి షాపుకి వెళ్ళి జుట్టుకి రంగేయించుకుని వచ్చాడు.

దక్షిణం హద్దు వాళ్ళ ఇంటిపేరు, చిన్నతాత పేరు ఇక్కడ అందరి ముందూ పెట్టను. బుల్లోడు తమ్ముడికి మెసేజ్‌లో పంపా. నిజాంసాగర్ అన్నయ్యా, పొలం మాట ఎత్తను, మాటిస్తున్నా. ఫోటో పెద్దది చేయించి ఫ్రేము కట్టించాం, ఇంకో కాపీ వాళ్ళకి ఇవ్వడానికి.

వీఆర్వో గారూ, ఒక సందేహం. ఈ నకలు వాళ్ళకి చూపించొచ్చా, లేక అదీ పొలం మాట కిందకే వస్తుందా?

రిటైర్డ్ వీఆర్వో

మొదటి రోజు వద్దమ్మా. భోజనం పెట్టాక, వాళ్ళంతట వాళ్ళు పాత సంగతులు ఎత్తితే అప్పుడు తీయండి. అమ్మేసిన కాగితమే కనుక ఎవరికీ భయముండదు. ముందు సాక్షి సంతకం చూపించండి. తండ్రి చేతిరాత చూస్తే ఏ కొడుకైనా ఆగిపోతాడు.

నిజాంసాగర్ కాలువ

నేనైతే అసలు తీసుకెళ్ళను. ఫోటో చాలు. ఆయన ఆఫీసరు కదా, కాగితం లేకపోతే తోచదు. నవ్వుకోండి సార్.

భీమవరం బుల్లోడు

అక్కా, దక్షిణం హద్దు వాళ్ళు దొరికారండి. ఆ పెద్దాయన మనవడు ఇప్పుడు చేపల మేత షాపు నడుపుతున్నాడు. ఇంటిపేరు చెప్పగానే "కర్ణాటక వెళ్ళిపోయారే, వాళ్ళా" అన్నాడు. బోదె నీళ్ళ దగ్గర మీ చిన్నతాతగారికీ వాళ్ళ తాతకీ రోజూ గొడవేనట, పెళ్ళిళ్ళకి మాత్రం ఒకే పంక్తిలో భోజనానికి కూర్చునేవాళ్ళట. చిన్నతాతగారు పోయి చాలా కాలమైందండి. కొడుకు తాడేపల్లిగూడెంలో ఉంటున్నారు, ఏటా పండక్కి ఊరొస్తారు. నంబరు సంపాదించాను, మీకు మెసేజ్ పెట్టా. మీరే మాట్లాడండి, మధ్యలో నేనెందుకు.

మేత షాపతను మీరొస్తే చెరువుగట్టు దగ్గరికి తనే తీసుకెళ్తానన్నాడు. కాకపోతే భోగి నుంచి కనుమ దాకా కోడిపందేల బరుల దగ్గర తప్ప ఎక్కడా కనపడడట. ముక్కనుమ నాడు పదిగంటలకి రమ్మన్నాడు. పుంజు గెలిస్తే పదకొండు.